ఎయిర్ బ్యాగ్ – సెకనులో ఇరవయ్యో వంతు

రోడ్డు ప్రమాదాల్లో మనిషిని చంపేది వేగం అని మనమంతా అంటూ ఉంటాం. సైన్సు చదువుకునేవాళ్ళం ఈ మాటను కొంచెం సరిదిద్దుకోవాలి. వేగం తనంతట తాను ఎవరినీ ఏమీ చెయ్యదు. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగంతో పోయే విమానంలో కూర్చుని జనం హాయిగా కాఫీ తాగుతున్నారు. చంపేది వేగం కాదు, ఆగడం. ఎంత కొద్ది దూరంలో, ఎంత కొద్ది కాలంలో ఆగాం అన్నదే అసలు ప్రశ్న. ఎయిర్ బ్యాగ్ అనే సాధనం యావత్తూ ఈ ఒక్క విషయం మీద నిలబడి ఉన్నది.

గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు. మన రోడ్ల మీద అదొక పెద్ద వేగమేమీ కాదు. ఆ వేగంతో పోతున్న కారు దారి పక్క చింతచెట్టును గుద్దుకుందనుకుందాం. చెట్టు కారును ఆపుతుంది గాని లోపలి మనిషిని ఎవరు ఆపాలి? న్యూటన్ మొదటి సూత్రం ప్రకారం అతను అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటాడు, స్టీరింగో ముందు అద్దమో అడ్డం వచ్చేదాకా. పదకొండు మీటర్ల పైచిలుకు ఎత్తు నుంచి, అంటే దాదాపు నాలుగంతస్తుల మేడ మీంచి పడినవాడు నేలను తాకేటప్పుడు ఉండే వేగమూ ఇంతే.

పల్లెటూళ్ళలో పెరిగినవాళ్ళకి మిగతాది విడమర్చి చెప్పక్కర్లేదు. వాము మీంచి వదులుగా పోసిన గడ్డిలోకి దూకితే నవ్వుకుంటూ లేచొస్తాం. అదే ఎత్తు నుంచి దిమ్మిస కొట్టి అలికిన కళ్ళంలోకి దూకితే కాలు విరుగుతుంది. రెండు చోట్లా వేగం ఒకటే, ద్రవ్యవేగంలో మార్పూ ఒకటే. గడ్డి మూరెడు లోతుకి దిగుతుంది, కళ్ళం దిగదు. తేడా అంతా ఆ మూరలోనే ఉంది.

కావాలంటే లెక్క వేసి చూద్దాం. వేగ వర్గాన్ని, ఆగిన దూరానికి రెట్టింపుతో భాగిస్తే ఋణత్వరణం వస్తుంది. తల స్టీరింగుకి కొట్టుకుని 5 సెంటీమీటర్లలో ఆగిందనుకుంటే ఋణత్వరణం 2250, అంటే గురుత్వ త్వరణానికి సుమారు 230 రెట్లు. తల ద్రవ్యరాశి 5 కిలోలనుకుంటే దాని మీద పడే బలం పదకొండున్నర క్వింటాళ్ళ బరువుకు సమానం. డెబ్భై అయిదు కిలోల ధాన్యం బస్తాలు పదిహేను ఒక్కసారి మొహం మీద పడ్డట్టు! అదే తల అర మీటరు దూరంలో ఆగితే? పదోవంతు. ఒకటిన్నర బస్తా. అదీ ఒక్క చోట కాకుండా మొహమంతా పరుచుకుని. మనిషి బతికి బయటపడే అవకాశం ఇక్కడ పుడుతుంది. ఈ అర మీటరులో కొంత కారు ముక్కు నలిగి ఇస్తుంది, కొంత సీటు బెల్టు సాగి ఇస్తుంది, మిగిలింది ఎయిర్ బ్యాగ్ ఇవ్వాలి.

ఇక కాలం సంగతి. గుద్దుకోవడం మొదలైన దగ్గర్నుంచి అంతా ముగిసేసరికి సెకనులో పదోవంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ. కనురెప్ప వాల్చడానికే సుమారు అంత పడుతుంది. ఈలోగా సంచీ విచ్చుకుని మనిషికి ఎదురు రావాలి. ఇది ప్రమాదమా, గతుకులో చక్రం పడిందా అని తేల్చుకోవడానికి యంత్రానికి దొరికేది పదిహేను, ఇరవై మిల్లీసెకన్లు. 1960లలో అమెరికాలో ఆలెన్ బ్రీడ్ తయారుచేసిన సాధనంలో ఒక గొట్టంలో ఉక్కు గుండు ఉండేది, అయస్కాంతం దాన్ని వెనక్కి పట్టి ఉంచేది. కారు హఠాత్తుగా ఆగితే గుండు జడత్వంతో అయస్కాంతాన్ని విడిపించుకుని ముందుకు దొర్లి కరెంటును కలిపేది. ఇప్పుడు ఆ పని వేలిగోరుకన్న చిన్న సిలికాన్ చిప్పు చేస్తున్నది. సూత్రం మాత్రం అదే గుండుది.

నిర్ణయం అయ్యాక సంచీ నిండడానికి మరో ముప్పై మిల్లీసెకన్లు. అంతా కలిపి సెకనులో ఇరవయ్యో వంతు. ఇంత వేగంగా అరవై లీటర్ల వాయువు ఎక్కడ్నుంచి తేవాలి? 1953లో దీనికి అమెరికాలో పేటెంటు పొందిన జాన్ హెట్రిక్, నౌకాదళంలో టార్పెడోలతో పనిచేసిన అనుభవం కొద్దీ, బిగించిన గాలి వాడదామనుకున్నాడు. అది చాల్లేదు. జవాబు కెమిస్ట్రీ నుంచి వచ్చింది: సోడియం ఎజైడ్. దాన్ని 300 డిగ్రీల దాకా వేడి చేస్తే విడిపోతుంది. రెండు అణువుల నుంచి రెండు సోడియం పరమాణువులు, మూడు నత్రజని అణువులు వస్తాయి. అరవై లీటర్ల నత్రజని అంటే మామూలు ఉష్ణోగ్రత వద్ద దాదాపు రెండున్నర మోల్‌లు. దానికి కావలసిన ఎజైడ్ నూటికి అటూ ఇటూ గ్రాములు, పిడికెడు! మిగిలిపోయే సోడియం ప్రమాదకరం కనుక పొటాషియం నైట్రేట్, సిలికా కలిపి దాన్ని చివరికి గాజుగా మార్చేస్తారు. మన ప్రాక్టికల్స్‌లో ఇంత అందమైన ప్రయోగం ఒక్కటి కూడా లేదని నా ఫిర్యాదు. అయితే ఎజైడ్ స్వతహాగా విషం కనుక తర్వాత తర్వాత గ్వానిడిన్ నైట్రేట్ వంటివి దాని స్థానంలోకి వచ్చాయి.

నిండిన సంచీ నిండినట్టే ఉంటే మనిషిని బంతిలా వెనక్కి తన్నుతుంది. అందుకే దానికి వెనకవైపు రంధ్రాలు పెడతారు. మొహం ఆనేసరికే అది చప్పబడుతూ ఉండాలి. ప్రమాదం తర్వాత కారులో కనిపించే తెల్లని పొడిని చూసి కారు అంటుకుందని హడలిపోతారు గాని, అందులో చాలాభాగం నైలాను సంచీ మడతలు అతుక్కోకుండా చల్లిన టాల్కం పొడో మొక్కజొన్న పిండో.

జపాను కంపెనీ టకాటా చౌకగా ఉంటుందని అమ్మోనియం నైట్రేట్ వాడింది. చాలా దేశాల్లో అది ఎరువు కూడా. యూరియా బస్తా మూతి విప్పి తొలకరిలో వదిలేస్తే ఏమవుతుందో ఏ రైతునడిగినా చెబుతాడు. ఇదీ అదే జాతి, తేమను పీలుస్తుంది. వేడీ తేమా ఎక్కువున్న ప్రాంతాల్లో ఏళ్ళు గడిచేకొద్దీ బిళ్ళలు చెడి, మండవలసినదానికన్న వేగంగా మండి, లోహపు డబ్బా పగిలి ముక్కలు మనుషుల మెడల్లో దిగాయి. కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. 2017లో కంపెనీ దివాలా తీసింది.

సక్రమంగా పనిచేసే సంచీ కూడా దూదిపరుపు కాదు. గంటకు 300 కిలోమీటర్ల దాకా వేగంతో బయటికొస్తుంది. విచ్చుకున్నాక ఆనుకుంటే రక్షణ, విచ్చుకుంటున్నప్పుడు ఎదురుపడితే దెబ్బ. అందుకే డ్రైవరు రొమ్ముకీ స్టీరింగుకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లుండాలంటారు. అమెరికా ప్రభుత్వ అంచనా ప్రకారం 2017 వరకు ముందు సీటు సంచీలు యాభై వేల పైచిలుకు ప్రాణాలు నిలిపాయి. అదే దేశంలో 1990, 2008 మధ్య తక్కువ వేగం ప్రమాదాల్లో సంచీ దెబ్బకే 290 మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది బెల్టు పెట్టుకోనివాళ్ళో, సరిగా పెట్టుకోనివాళ్ళో, చిన్నపిల్లలో. కారులో రాసి ఉండే ఎస్.ఆర్.ఎస్. అక్షరాల్లో మొదటిదానికి అర్థం 'అనుబంధ' అని. అంటే అసలుది బెల్టు. బెల్టు లేనివాడు బ్రేకు పడగానే ముందుకు జారి సంచీ మూత దగ్గరికే చేరతాడు.

మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లలో డ్రైవరుకి, 2021 ఆఖరు నుంచి పక్క సీటుకి కూడా ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి అయింది. కానీ బెల్టు పెట్టుకోకుండా కూత ఆపడానికి క్లిప్పు ఒకటి కొని గుచ్చుతున్నాం. కారు ముక్కు నలగడాన్నీ సెన్సార్ల పనినీ పాడుచేసే ఇనుప గార్డులు చట్టవిరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులోనే చెప్పినా బిగించేవాళ్ళు బిగిస్తూనే ఉన్నారు. పెళ్ళికి పోయే కారులో ముందు సీట్లో పెద్దాయన ఒళ్ళో మనవడు కూర్చుంటాడు. సంచీకీ తాతకీ మధ్య ఉన్నది ఆ పిల్లవాడి తల. 1952లో హెట్రిక్‌కి ఈ ఆలోచన వచ్చింది కూడా ముందు సీట్లో కూర్చున్న కూతురి వల్లనే. కారు అదుపు తప్పినప్పుడు అతనూ భార్యా ఆ పిల్లకి చేతులు అడ్డం పెట్టారట.

ఇంకొక్క చిన్న సంగతి. పక్క సీటు ముందున్న డ్యాష్‌బోర్డు మీద 'ఎయిర్ బ్యాగ్' అని ముద్ర కనిపించే చోటే చాలామంది వినాయకుడి బొమ్మ అంటిస్తారు. అది సంచీ మూత. తెరుచుకుంటే బొమ్మ కూడా సంచీతోపాటే వస్తుంది. కాస్త పక్కకి, మూత లేనిచోటికి జరిపితే సరిపోతుంది.