నెలసరి తప్పుతోందా? నడక మొదలుపెట్టండి



బహిష్టు రెండు మూడు నెలలకోసారి రావడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, ఒళ్లు పెరగడం, కడుపు పండకపోవడం – ఇవి ఎవరి శాపమూ కాదు. పి.సి.ఓ.ఎస్. అనే రుగ్మత కావచ్చు. 1935లో అమెరికాలో స్టెయిన్, లెవెంతాల్ అనే డాక్టర్లు దీన్ని వివరించారు. పిల్లలను కనే వయసు స్త్రీలలో నూటికి ఇంచుమించు పదిమందికి ఇది ఉంటుంది.

ఈ స్త్రీలలో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుచేత శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. దానివల్ల అండాశయాలలో మగ హార్మోన్లు పెరుగుతాయి. అండం వేళకు విడుదల కాదు. నెలసరి తప్పుతుంది.

నడక వల్ల లాభమేమిటి?

కండరాలు కదిలితే రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ఇన్సులిన్ పని తేలికవుతుంది. బరువు తగ్గకపోయినా ఈ మేలు ఉంటుంది. సన్నగా ఉన్నవారికీ నడక అవసరమే.

"మిరప కోతకు, పత్తి తీతకు పోతూనే ఉన్నాం గదా!" అంటారేమో. ఆ పని కష్టమే. కాని వంగి ఒక్కొక్క కాయ కోసేటప్పుడు నడుము నొస్తుందే గాని గుండె వేగం అంతగా పెరగదు. చేనికి గబగబా నడిచి వెళ్లండి, అది లెక్కలోకి వస్తుంది.

ఎలా నడవాలి?

రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం రావాలి. మొదట 10 నిమిషాలతో మొదలుపెట్టి పెంచండి. రెంటచింతల ఎండల సంగతి మనకు తెలియనిది కాదు. పొద్దెక్కక ముందో, పొద్దు వాలాకో నడవండి. భర్త తోడు వెళ్తే మరీ మంచిది. లేకుంటే ఆ అరగంట పొయ్యి దగ్గర పని, పిల్లల పని ఆయన చూడాలి.

ఇవి మరువకండి

* బహిష్టు రాలేదంటే ముందు గర్భ పరీక్ష చేయించండి. గర్భం కాకుండా మూడు నెలలు దాటితే డాక్టరుకు చూపించండి.

* నెలసరి తప్పుతోంది గనుక గర్భం రాదనుకోవడం పొరపాటు. అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియదు గనుక రోజులు లెక్కపెట్టే పద్ధతి పనికిరాదు. బిడ్డ ఇప్పుడే వద్దనుకుంటే నిరోధ్, మాత్రలు, కాపర్-టి వంటి వాటిలో మీకు తగినది అడిగి తెలుసుకోండి.

* బిడ్డ కావాలంటే ఇద్దరూ పరీక్షకు రండి. తప్పు కోడలిదేనని ఇంట్లో తీర్పు చెప్పకండి.

నడక మందుకు బదులు కాదు, మందుకు తోడు. సిగ్గుపడక మీ ఊరి ఏ.ఎన్.ఎం. గారిని అడగండి.