సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టే ముందు

చెల్లీ, ఒకటి అడగనా? ఈ మధ్య కొత్త నంబర్ నుంచి ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడుతున్నావా? చెప్పలేకపోతే ఫర్వాలేదు. కార్డు బాకీయో, పర్సనల్ లోనో, ఎవరికో పెట్టిన జామీనో, ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అవతలివాడు ‘మేడమ్, లక్షా ఎనభై వేలుంది, ఈ నెలాఖరులోగా డెబ్భై కట్టెయ్యండి, సెటిల్ చేసేద్దాం’ అంటాడు. ఆ మాట వినగానే ప్రాణం లేచొస్తుంది. మెడలో గొలుసు తాకట్టు పెట్టయినా కట్టేద్దామనిపిస్తుంది.

కట్టు, వద్దనను. కానీ ఆ సంతకం రేపు నీ ఉద్యోగం దాకా వస్తుందేమో చూసుకుని కట్టు.

మన దేశంలో మామూలు ఉద్యోగి అప్పుల్లో మునిగితే, అప్పులవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి వాయిదాలు కుదిర్చే కొత్త చట్టం ఇంకా చేతికి రాలేదు. 2016 దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం అధ్యాయాలున్నాయి గానీ, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ళకు తప్ప మిగతావాళ్ళకు అమల్లోకి తేలేదు. అందుకే మనకు మిగిలినవి బ్యాంకుతో వన్ టైమ్ సెటిల్‌మెంట్, వాయిదాలు తగ్గించి గడువు పెంచే రీస్ట్రక్చరింగ్, లేదంటే లోక్ అదాలత్‌లో రాజీ.

సెటిల్‌మెంట్‌లో బ్యాంకు కొంత వదులుకుంటుంది కదా, ఆ సంగతి నీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులోకి ఎక్కుతుంది. పూర్తిగా తీర్చిన ఖాతా పక్కన ‘క్లోజ్డ్’ అని, ఇలా తెగ్గొట్టుకున్న ఖాతా పక్కన ‘సెటిల్డ్’ అని పడుతుంది. దాని కింద నెలనెలా ఎన్ని రోజులు ఆలస్యమైందో గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. బ్యాంకు ఉద్యోగమిచ్చేవాళ్ళు చదివేది సరిగ్గా ఈ గళ్ళనే.

నంద్యాలలో హాస్టల్లో ఉండి బ్యాంకు కోచింగ్ తీసుకుంటున్న పిల్లలకు ఇది గట్టిగా చెప్పాలి. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ అన్నీ దాటినా, చేరేటప్పుడు ఈ రిపోర్టు చూస్తారు. ఐబీపీఎస్ నియామకాల్లో కొన్నాళ్ళు కనీసం 650 సిబిల్ స్కోరు ఉండాలన్న షరతు నడిచింది. 2024-25 నియామకాల నుంచి ఆ స్కోరు షరతు తీసేశారు. అయినా రిపోర్టులో మచ్చ ఉన్నవాళ్ళు చేరేలోపు దాన్ని సరిచేయించుకోవాలి, లేదా బాకీ ఏమీ లేదని అప్పిచ్చినవాళ్ళ దగ్గర నుంచి ఎన్‌ఓసీ తేవాలి. తేకపోతే ఇచ్చిన ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు. స్టేట్ బ్యాంకు నోటిఫికేషన్లలోనైతే ఎగవేత చరిత్ర ఉన్నవారు అర్హులు కారనే రాసి ఉంటుంది. ఒక అభ్యర్థికి 2021లో నియామక ఉత్తర్వు చేతికొచ్చాక ఈ కారణంతోనే రద్దు చేస్తే, అతను మద్రాసు హైకోర్టుకు వెళ్ళాడు. 2025 జూన్‌లో కోర్టు బ్యాంకు పక్షానే తీర్పు చెప్పింది. పరాయి సొమ్ము చూసుకునే ఉద్యోగానికి ఈ జాగ్రత్త ఉండాలంటే సరే అంటాను. కానీ చదువు కోసం అప్పుచేసి, ఉద్యోగం రాక వాయిదా తప్పిన పిల్లని, ఆ తప్పిన వాయిదా చూపించే ఉద్యోగానికి దూరం చేస్తే నా మనసు ఒప్పుకోదు. ఆమె తీర్చేదే ఆ జీతంతో కదమ్మా!

అందుకే బ్యాంకు ఉద్యోగం మీద కన్నుంటే సెటిల్‌మెంట్ కంటే ముందు రీస్ట్రక్చరింగ్ అడుగు. అదీ రిపోర్టులో కనిపిస్తుంది గానీ, అసలు పూర్తిగా తీరుస్తున్నావన్న మాట మిగులుతుంది. సెటిల్‌మెంట్ తప్పకపోతే, డబ్బు కట్టకముందే బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకో. వసూలు ఏజెంట్ వాట్సాప్ మెసేజ్ చెల్లదు. చేతిలో డబ్బాడాక, వదిలేసిన మిగతా మొత్తం కూడా కడతానంటే ‘క్లోజ్డ్’గా మార్చే బ్యాంకులున్నాయి. ఆ సంగతీ ముందే అడిగి రాయించుకో.

ఇక టీచరమ్మల సంగతి. మన దగ్గర చిట్టీ పాడుకున్నవాళ్ళు జామీనుకి మొదట వెతికేది ప్రభుత్వ ఉద్యోగినే. స్టాఫ్ రూమ్‌లో ‘ఒక్క సంతకం మేడమ్’ అంటే కాదనలేం. పాడినవాడు ఎగ్గొడితే డిక్రీ నీ మీదికి వస్తుంది, కోర్టు నుంచి కాగితం నేరుగా నీ జీతం బిల్లు చేసే ఆఫీసుకే వెళ్తుంది. భయపడకు, జీతమంతా పట్టుకెళ్ళలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. కోర్టు కోత (అటాచ్‌మెంట్) లెక్కలోకి వచ్చే జీతం 31,000 అనుకో, నెలకు 10,000కు మించి కోయకూడదు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు కోశాక, ఆ డిక్రీకి నీ జీతం జోలికి మళ్ళీ రాకూడదు. (భరణం కేసులకు లెక్క వేరు.) లోక్ అదాలత్ రాజీ కూడా డిక్రీతో సమానం, అప్పీలు లేదు. అందుకని అక్కడ నువ్వు కట్టగలిగిన వాయిదాకే ఒప్పుకో. మొహమాటానికి ఎక్కువ ఒప్పుకుని తప్పితే మళ్ళీ జీతం దగ్గరికే వస్తారు.

ఇంకొకటి. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో 17వది, అలవాటుగా అప్పులపాలు కాకూడదంటుంది. బాకీ వసూలుకి నీ మీద కేసు పడితే వెంటనే పై అధికారులకు తెలియజేయాలి. రాష్ట్రాల నియమావళీ అదే దారి. అప్పు ఎందుకైందో, ఎలా తీరుస్తున్నావో, రాజీ పత్రం జతచేసి నువ్వే ముందు రాసిస్తే, దాచావన్న మాట పడదు.

ప్రైవేటు ఉద్యోగమైతే ఇంత లేదు. సెటిల్‌మెంట్ చేసుకున్నావని బ్యాంకు నీ మేనేజర్‌కి కబురు పెట్టదు. బ్యాంకుల ప్రాజెక్టులు చేసే కొన్ని కంపెనీలు మాత్రం వెరిఫికేషన్‌లో క్రెడిట్ రిపోర్టు కూడా చూస్తాయి, చేరేటప్పుడు పెట్టే అనుమతి పత్రాలు చదివి పెట్టు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. ఆఫీసుకి ఫోన్ చేసి పరువు తీస్తామని వసూలువాళ్ళు బెదిరిస్తే వణికిపోకు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని, నలుగురిలో అవమానించకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే స్పష్టంగా చెప్పింది. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. 30 రోజుల్లో దారికి రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఈ ఆదివారం కాస్త తీరిక చేసుకుని నీ రిపోర్టు తెరువు. ఏడాదికోసారి ఉచితమే. కట్టేసిన అప్పు ఇంకా బాకీ ఉన్నట్టు చూపిస్తుంటే వెంటనే ఫిర్యాదు పెట్టు. సరిచేయకుండా 30 రోజులు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున ఆ బ్యాంకో, రిపోర్టు ఇచ్చే సంస్థో నీకివ్వాలి. అర్థంకాని చోట ఖాతా నంబర్లు కొట్టేసి ఆ పేజీ నాకు పంపు, కలిసి చూద్దాం.