రెండు కార్డులా, ఒక్క గట్టి కార్డా?

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ మార్కెట్‌లో కంప్యూటర్ కట్టించుకునే కుర్రాళ్లను ఒక లెక్క చాలాకాలం ఊరించింది. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొనే బదులు, మధ్యరకానివి రెండు కొని జత చేస్తే పోలా? 2004లో ఎన్విడియా ఎస్‌ఎల్‌ఐ పేరుతో, మరుసటి ఏడాది ఏటీఐ క్రాస్‌ఫైర్ పేరుతో ఆ ఆశకు ఊపిరి పోశాయి.

వాడితే తెలిసింది అసలు సంగతి. ఒక ఫ్రేము ఈ కార్డు గీస్తే తర్వాతి ఫ్రేము ఆ కార్డు గీయాలి. రెండింటికీ అడుగు కలవకపోతే అంకెల్లో వేగం ఘనంగానే ఉంటుంది, తెర మీద బొమ్మ మాత్రం తడబడుతుంది. నాలుగు జీబీల కార్డులు రెండు పెట్టినా గేమ్‌కు ఎనిమిది జీబీలు దక్కవు. అదే సమాచారం రెండింటిలోనూ ఉండాలి కాబట్టి మిగిలేది నాలుగే. కరెంటు ఖర్చు, వేడి మాత్రం పెరుగుతాయి. గేమ్‌లో రెండు కార్డులకూ తగిన ఏర్పాటు లేకపోతే రెండోది ఊరికే కూర్చుంటుంది. 2021 జనవరి నుంచి అలాంటి ఏర్పాటుకు కావలసిన కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు ఇవ్వడం ఎన్విడియా ఆపేసింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090కి జత కలిపే కనెక్టరే లేదు. గేముల కోసమైతే ఒక్క గట్టి కార్డే కొనండి.

బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ చేసేవారి సంగతి వేరు. అక్కడ పని ముక్కలుగా విడిపోతుంది, ఒక కార్డు రెండో దానికోసం ఆగదు. రెండు కార్డులుంటే నిజంగానే సమయం కలిసొస్తుంది. అందుకే డబ్బు తీసేముందు ఒక్కటే అడగాలి: నా పని విడిపోయేదేనా?

అంబర్‌పేట్, నారాయణగూడ, అశోక్‌నగర్ గదుల్లో ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న మిత్రులారా, ఈ ప్రశ్న మీదీ. 2024 గుర్తుందా? టీచర్ పోస్టుల డీఎస్సీ జూలై 18 నుంచి ఆగస్టు 5 వరకు. గ్రూప్-2 ఆగస్టు 7, 8 తేదీల్లో. మధ్యలో ఒక్క రోజు! అభ్యర్థులు అశోక్‌నగర్, చిక్కడపల్లి రోడ్ల మీదికి వచ్చారు, వాళ్ల గోడు న్యాయమైనదే. గ్రూప్-2 చివరికి డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది.

తేదీలు జరిగినా చదువు దగ్గరి చిక్కు అలాగే ఉంటుంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒకే బల్ల మీద బోధనా పద్ధతుల పుస్తకం, తెలంగాణ ఎకానమీ నోట్సు పక్కపక్కన పెట్టుకుని కూర్చునేవారిని గమనించండి. ఒకటి మూసి రెండోది తెరిచాక, నిన్న ఎక్కడ ఆపామో వెతుక్కోవడానికే కొంతసేపు పోతుంది. మళ్లీ మొదటిదానికి వచ్చినప్పుడు అదే వెతుకులాట. రోజుకు పన్నెండు గంటలు కూర్చున్నామన్న తృప్తి మిగులుతుంది, మాక్ టెస్టులో మార్కులు కదలవు.

గ్రూప్-2, గ్రూప్-3 కలిపి చదివితే ఈ బెడద లేదు. జనరల్ స్టడీస్; చరిత్ర, పాలిటీ, సమాజం; ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి అనే మూడు పేపర్లు రెండింటిలోనూ ఉన్నాయి. గ్రూప్-2లో అదనంగా వచ్చేది తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం పేపరు. ఈ రెండూ ధైర్యంగా రాయండి.

గ్రూప్-1 దగ్గర జాగ్రత్త. పుస్తకాలు చాలావరకు కలిసినట్టే ఉంటాయి, కానీ మెయిన్స్‌లో 150 మార్కుల పేపర్లు ఆరు, ఒక్కోదానికి మూడు గంటలు చేత్తో రాయాలి. బిట్లు పెట్టడానికి అలవాటుపడిన చెయ్యి పరీక్ష హాల్లో ఉన్నట్టుండి వ్యాసాలు రాయలేదు. నా దృష్టిలో, రోజూ రెండు జవాబులు రాసి ఎవరితోనైనా దిద్దించుకునే వీలు లేనివారు గ్రూప్-1ను రెండో పరీక్షగా పెట్టుకోకూడదు.

ఇంటి నుంచి ఫోన్ వస్తుంది: “ఆ పరీక్షకూ ఫీజు కట్టావా నాన్నా?” కట్టండి, రాయండి, తప్పులేదు. ఫీజు కట్టినంత మాత్రాన దానికోసం మరో కోచింగ్, మరో టెస్ట్ సిరీస్ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఇంట్లోవాళ్లకు ఆ మాట నెమ్మదిగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఈ రాత్రి రెండు సిలబస్‌లు పక్కపక్కన పరిచి, కలిసే అంశాలకు పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. ఎక్కువ కలిస్తే రెండూ ఉంచుకోండి. కలవకపోతే రేపు లైబ్రరీకి బయలుదేరేటప్పుడు ఒక కట్ట పుస్తకాలు గదిలోనే వదిలి వెళ్లండి.