కొండదారికి గూడుబండి

మనుష్యుడు దూరయాత్రకు పోవునపుడు ఇంటినే వెంట గొనిపోవలెనని తలచుట క్రొత్త కాదు. పాశ్చాత్య దేశములలో కొందఱు పడకయు, పొయ్యియు, నీటితొట్టియు అమర్చిన మోటారు ఇండ్లలో పర్వతప్రాంతములకు పోవుదురు. ఏండ్ల తరబడి నిలిచియున్న పాతబండిని అట్టి యాత్రకు సిద్ధపఱచుట వారికొక పెద్దపని. ఉత్తర తెలంగాణమున మన పెద్దలు ఆ పనిని గూడుబండితో చేసిరి.

వెదురు తడికలను వంచి పైకప్పుగా కట్టిన ఎద్దులబండియే గూడుబండి. అడుగున వరిగడ్డి పఱచి, దానిపై జంపఖానా వేసిన అదియే పడకగది. చెట్టుక్రింద నిలిపి ఎద్దులను విప్పి, మూడురాళ్ల పొయ్యి పెట్టిన అదియే ఇల్లు.

ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలమున కేస్లాపూరు అను గ్రామము కలదు. అచట ఏటేట పుష్య అమావాస్యనాడు నాగోబా జాతర ప్రారంభమగును. నాగోబా గోండులలో మెస్రం వంశీయుల కులదైవము. వారు జన్నారము మండలములోని హస్తినమడుగునుండి గోదావరి జలమును కాలినడకన తెచ్చి దేవునికి అభిషేకము చేయుదురు. ఈ జన్నారము 2016 వఱకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, పిదప మంచిర్యాల జిల్లాలో చేరినది. మెస్రం కుటుంబములు గూడుబండ్లలో వచ్చి కేస్లాపూరు మఱ్ఱిచెట్ల క్రింద విడిది చేయుట ఆచారము. కరీంనగరు ప్రాంతమునుండి అచటికి పోవువారు గోదావరిని దాటి, జన్నారము, ఉట్నూరుల మీదుగా అడవులను, గుట్టలను కడచిపోవలెను. 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల్ అడవి ఈ ప్రాంతములోనిదే.

కరీంనగరు మైదానమున ఒక రైతు ఇంట తాతలనాటి గూడుబండి యున్నదనుకొందము. అది పొలమునకును, సంతకును తప్ప ఎన్నడును పోలేదు. ఒక యేడు ఇంటివారందఱు దానిలో కేస్లాపూరు జాతరకు పోదలచిరి.

“తాతా! రేపే పయనమగుదము” అని మనుమడు తొందరపెట్టెను.

“బిడ్డా! బండి మనలను నమ్మలేదు; మనము బండిని నమ్ముచున్నాము. కనుక ముందు దానిని పరీక్షింపవలెను” అని తాత బదులు చెప్పెను.

మొదట చక్రములను చూచిరి. చక్రమునకు నడుమ కుంభము, దానినుండి ఆకులు, ఆకుల కొనలందు పూటీలు, పూటీలపై ఇనుపకట్టు ఉండును. కఱ్ఱ ఎండిన ముడుచుకొనును. అప్పుడు కట్టు వదులగును. చక్రమును నీటిలో నానబెట్టిన కఱ్ఱ ఉబ్బి బిగియును గాని, మరల ఎండగానే వదులగును. అందుచే తాత చక్రములను కమ్మరి కడకు పంపెను. కమ్మరి కట్టును కొంత కోసి, తిరిగి అతికి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చెను. కాలిన ఇనుము వ్యాకోచించును. దానిని పట్టకారులతో ఎత్తి చక్రముపై దింపి నీళ్లు పోయగా, అది సంకోచించి ఆకులను, పూటీలను ఒక్కటిగా బిగించెను. పాఠశాలలో మనము చదువు వ్యాకోచ సంకోచములు కొలిమికడ ఇట్లు ప్రత్యక్షముగా కానవచ్చును.

పిమ్మట ఇరుసుకు కందెన పూసిరి. ఆముదములో గడ్డి మసిని కలిపి చేసిన ఈ కందెన లేనిచో, రాపిడివలన ఇరుసు వేడెక్కి అరుగును. ఎద్దుల గిట్టలకు క్రొత్త లాడములు కొట్టించిరి.

బండిపై బరువు నిలుపుటయు ఒక విద్య. రెండు చక్రముల బండి త్రాసువంటిది. ఎత్తు ఎక్కునపుడు బరువు వెనుకకు వాలి కాడి పైకి లేచును. ఎద్దుల గొంతులు బిగియును. కావున బరువును ముందునకు జరుపవలెను. పల్లమునకు దిగునపుడు బరువు ముందునకు వచ్చి ఎద్దుల మెడలను అణచును. కావున వెనుకకు జరుపవలెను. ఎద్దులు ఆగి ఊపిరి తీసికొనునపుడు చక్రముల వెనుక రాళ్లు పెట్టవలెను. దిగునపుడు బండి వెనుక దుంగను గొలుసుతో కట్టి ఈడ్పించిన వేగము తగ్గును.

అన్నియు సిద్ధమైనవి. అయినను తాత తృప్తిపడలేదు. మనుష్యులను ఎక్కింపక, ధాన్యపు బస్తాలు నింపి, ఊరి ప్రక్కనున్న గుట్టపైకి బండిని తోలించెను. ఎక్కుట సుఖముగా జరిగెను. దిగి వచ్చిన పిమ్మట మనుమడు చక్రముకడ వంగి చూచి, “తాతా! ఈ మేకు సగము అరిగినది” అని కేకవేసెను. అది కడచీల. చక్రము ఊడిపోకుండ ఇరుసు కొనయందు దూర్చునది అదియే. బొటనవ్రేలంత ఆ ఇనుపముక్క ఘాటులో విఱిగినచో చక్రము ఊడును. బండి లోయలో పడును. ఇంటివారి ప్రాణములే పోవును. తాత మనుమని తల నిమిరి, క్రొత్త చీలను వేయించి, మరియొకటి మూటలో కట్టించెను. మూడవనాడు వారు పయనమైరి.

నేడు ఎద్దులబండ్లు అరుదైనవి. నిర్మల్ దాటి ఆదిలాబాదు పోవు దారిలోని మహబూబు ఘాటును మోటారులే ఎక్కుచు దిగుచున్నవి. అయినను న్యాయము మాఱలేదు. పల్లమున ఎడతెగక బ్రేకు నొక్కిన అది వేడెక్కి పట్టు తప్పును. అందుచే తెలిసిన డ్రైవరు తక్కువ గేరులో మెల్లగా దిగును. పాత మోటారు ఇంటిని కొండలకు గొనిపోవువాడును బ్రేకులను, చక్రముల మరలను, యంత్రమును చల్లబఱచు నీటిని ముందుగా చూచుకొని, దగ్గఱి గుట్టపై పరీక్షించియే బయలుదేరవలెను. బండి పాతదగుట దోషము కాదు, పరీక్షింపకపోవుట దోషము.

ప్రశ్నలు

1. చక్రమునకు ఇనుపకట్టు వేయుటలో ఏ శాస్త్రధర్మము ఇమిడియున్నది?
2. ఎత్తు ఎక్కునపుడును, పల్లమునకు దిగునపుడును బరువును ఎట్లు జరుపవలెను? ఏల?
3. అన్నియు సిద్ధమైనను తాత బండిని గుట్టపైకి తోలించుటకు కారణమేమి?