ముందు ప్లాను పట్టుకోండి

1812 డిసెంబరు 29న బ్రెజిల్ తీరానికి ఆవల సముద్రంలో అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ చేతిలో బ్రిటిష్ ఓడ జావా చిత్తుగా ఓడిపోయింది. జావా బొంబాయికి రావాల్సిన ఓడ. దాంతోపాటు బొంబాయిలో కట్టబోయే ఒక యుద్ధనౌక ప్లాన్లు కూడా పోయాయి. ఇంకొకరైతే ఆ పనిని అటకెక్కించేవారు. బొంబాయి వాళ్లు మళ్లీ ప్లాన్లు తెప్పించుకున్నారు. 1817 అక్టోబరులో జంషెట్జీ బొమన్‌జీ వాడియా ఆ ఓడను నీళ్లలోకి దించారు. దాని పేరు ట్రింకోమలీ. టేకుతో కట్టిన ఆ ఓడ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీటి మీదే ఉంది.

వాడియాలది సూరత్. జంషెట్జీ తాత లవ్‌జీ నస్సర్వాన్‌జీ 1736లో ఈ ఊరి నుంచే కొందరు వడ్రంగుల్ని వెంటబెట్టుకుని బొంబాయి వెళ్లారు. తాపీ నది ఒడ్డున అబ్బిన పనితనం అది. సూరత్‌లోని లింబాయత్‌లో పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య పెరిగే మన తెలుగు పిల్లలకు ఈ సంగతి తెలియాలి. ఓడలు కట్టడం ఎక్కడో దొరలు చేసే పని కాదు, ఆ పిల్లలుంటున్న ఊరి పనే.

ఆ పనిని చిన్న ఎత్తున చేసి చూడొచ్చు. రిమోటుతో నడిచే నమూనా యుద్ధనౌకలు కట్టి, చెరువులో నిజంగానే ఒకదాన్నొకటి ముంచుకునే ఆట ఒకటుంది. 1970ల చివర్లో అమెరికాలోని టెక్సాస్‌లో మొదలైంది. ఓడ అసలుదానిలో 144వ వంతు ఉంటుంది. పక్కలకు పల్చటి బాల్సా చెక్క. కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడితో చిన్న ఇనుప గుళ్లు పేలుస్తారు. చిల్లులు పడితే లోపలి పంపు నీళ్లు తోడుతూనే ఉంటుంది. తోడలేకపోతే ఓడ మునుగుతుంది. పైకి తీసి, అతుకులేసి, మళ్లీ దించుతారు. మనకు దగ్గర్లో అందేది ఎన్‌సీసీ నౌకా విభాగం వాళ్ల నమూనా నౌకల పోటీ. అందులో గుళ్లుండవు, కానీ కట్టే పని అదే.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. మోటారు కొంటారు, రిమోటు కొంటారు, చెక్క కొంటారు. ప్లాను తర్వాత చూసుకుందాం అంటారు. జకార్డు అట్టలో చిల్లు తప్పు పడితే చీర మీద పువ్వు తప్పుతుందని లింబాయత్‌లో ఎవర్ని అడిగినా చెబుతారు. ఓడకు ప్లాను అంతే. ప్లాను వెతకడాన్ని పనికి ముందు వచ్చే చికాకు అనుకోకండి. పనిలో సగం అదే, మనిషికి ఓపికా చూపూ అబ్బేది కూడా అక్కడే.

మొదట ఒక్క ఓడను ఎంచుకోండి. ఐఎన్‌ఎస్ సూరత్ మీద మనసు పడటం సహజం. 163 మీటర్ల ఆ విధ్వంసక నౌక 2025 జనవరి 15న ముంబైలో నౌకాదళంలో చేరింది. అయితే దాని అసలు ప్లాన్లు రక్షణ రహస్యాలు, అడగనే కూడదు. పైగా ఈ చెరువు యుద్ధాల్లో ఇరవయ్యో శతాబ్దం తొలి సగం నాటి ఓడలనే ఒప్పుకుంటారు. కాబట్టి మన కృష్ణా నది పేరు పెట్టుకున్న కిస్ట్‌నాను చూడండి. 1943లో యారో సంస్థ కట్టి ఇచ్చిన స్లూప్ రకం చిన్న యుద్ధనౌక అది. దాదాపు 91 మీటర్ల పొడవు, 12 మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు. 144తో భాగిస్తే 63 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. మొదటిసారి కట్టేవాళ్లకు చేతికందే సైజు.

ఇప్పుడు వెతుకులాట. లండన్ గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం సేకరణలో దాదాపు పది లక్షల ఓడల ప్లాన్లున్నాయి. అమెరికా ఓడలైతే అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో. 1898 నుంచి వస్తున్న జేన్స్ ఫైటింగ్ షిప్స్ సంపుటాలు పెద్ద లైబ్రరీల్లో దొరుకుతాయి. కానీ జాగ్రత్త! అలాంటి పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది నీటి పైన ఉండే రూపమే. మీకు కావాల్సింది నీటి కింది ఒంపు. దాన్ని చూపేది అడ్డకోతల చిత్రం. ఓడను ముక్కు నుంచి తోక దాకా వరసగా కోసినట్టు గీస్తారు. మామూలుగా మధ్యగీతకు కుడివైపు ముందు సగం కోతలు, ఎడమవైపు వెనక సగం కోతలు ఉంటాయి. ఒక్కో కోత మీ ఓడకు ఒక్కో పక్కటెముక. ఇది లేని ప్లాను ఎంత అందంగా ఉన్నా గోడకు తగిలించుకోవడానికే.

అడగడం నేర్చుకోండి. మన పిల్లలు చాలామంది ఇక్కడే వెనకబడుతున్నారు, తెలివి లేక కాదు, మొహమాటంతో. "అయ్యా, ఓడల ప్లాన్లుంటే పంపగలరు" అని రాస్తే మ్యూజియం వాళ్లు ఏం పంపాలి? ఇలా రాసి చూడండి: "1943లో యారో సంస్థ కట్టిన కిస్ట్‌నా అడ్డకోతల చిత్రం మీ దగ్గర ఉందా? అది లేకపోతే అదే తరగతి ఓడది ఉందా? స్కేలు గీత కూడా పడేలా నకలు తీయడానికి ఎంత ఖర్చవుతుంది?" ఏం కావాలో మీకు స్పష్టంగా తెలుసని అవతలివాళ్లకు అర్థమైతే, వాళ్లకు వెతకడం సులువవుతుంది. జవాబు రాకపోతే రెండు వారాలాగి మళ్లీ మర్యాదగా రాయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ప్లాను చేతికి రాగానే నమ్మేయకండి. జిరాక్సు యంత్రం బొమ్మను ఒకవైపు సాగదీయొచ్చు. పొడవూ వెడల్పూ రెండూ కొలిచి, అచ్చయిన లెక్కలతో పోల్చండి. ఒకటి సరిపోయి రెండోది తేడా వస్తే నకలు సాగిందన్నమాట. ఓడకు మధ్యలో మరమ్మతులు జరిగితే ఫిరంగుల చోటు మారొచ్చు, అందుకే ప్లాను ఏ ఏటిదో రాసిపెట్టుకోండి. పక్కటెముక కోసేటప్పుడు బాల్సా మందం తీసేయడం మరవకండి. లేకపోతే ఓడ రెండు పక్కలా లావెక్కుతుంది.

అసలు ప్లానే దొరక్కపోతే? ట్రింకోమలీ ప్లాన్ల పుట్టుక చూడండి. 1782లో పట్టుబడిన హెబే అనే ఫ్రెంచి ఓడను బ్రిటిష్ వాళ్లు కొలిచి గీసుకున్న రూపమే దానికి మూలం. శత్రువు ఓడలో మంచి కనిపిస్తే కొలబద్ద పట్టుకుని దిగారు. మీరూ ఫొటోల నుంచి, అదే తరగతి ఓడల గీతల నుంచి కొంత నింపుకోవచ్చు. ఊహించి గీసిన ప్రతి గీతనూ ఎర్ర పెన్నుతో గీయండి, తెలిసిందేదో ఊహించిందేదో కలిసిపోకూడదు. విశాఖ వెళ్లినప్పుడు బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి చుట్టూ తీరిగ్గా తిరగండి. నీళ్లలో కనిపించని ఒంపు ఒడ్డున ఎలా ఉంటుందో అక్కడ కంటితో చూడొచ్చు.

వెతకడానికి ఒక గడువు పెట్టుకోండి, రెండు నెలలు చాలు. ఆ తర్వాత ఉన్నదాంతో అట్టముక్కల మీద పక్కటెముకలు కోసి, వరసగా నిలబెట్టి, వాటి మీదుగా ఒక సన్నటి చెక్కబద్దను వంచి పట్టండి. బద్ద ఏ ఎముకకు తగలడం లేదో, దేని మీద ఎత్తుగా లేస్తోందో పెన్సిలుతో గుర్తు పెట్టండి. అక్కడ ప్లాను తప్పా, మీ కోత తప్పా అని చూసి సరిచేశాకే ప్లైవుడ్ కొనండి.