కుడితి తొట్టికి అన్ని కాళ్లెందుకు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా సంగం. మెరక చేను చదును చేస్తుంటే కాల్చిన మట్టి తొట్టి ముక్కలు దొరికాయి. పొడుగ్గా ఉంది, అడుగున రెండు వరసల్లో పొట్టి కాళ్లు. కుడితి తొట్టి అంటాడు మా నాయన. నిజమేనా?

జవాబు: ఫొటోలు చూశాను. కుడితి తొట్టికి ఇన్ని కాళ్లతో పనేముంది? గొడ్డు ఒక్కసారి కొమ్ము విసిరితే విరిగిపోతాయి. మసి లేదు కాబట్టి పొయ్యి మీదిదీ కాదు. నాకు తోచినంతలో ఇది ఇనుప యుగపు శవపేటిక, రెండు వేల ఏళ్లకు పైబడినది. చనిపోయినవారి ఎముకలను ఇలాంటి వాటిలో ఉంచి, పక్కన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టి పూడ్చేవారు. విరిగిన కాలు చూడండి, లోపల డొల్ల. అంత మందం మట్టిని గట్టిగా చేస్తే ఆవంలో పగులుతుందని కుమ్మరికి తెలుసు.

మద్రాసు దగ్గరి పల్లావరంలో 19వ శతాబ్దంలోనే ఇలాంటిది బయటపడింది. కడప జిల్లా శంఖవరంలో దొరికిన పేటికకైతే పొట్టేలు తల ఉంది! చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్తే చూడండి.

మీ చేలో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులు గానీ, గుండ్రంగా పేర్చిన బండలు గానీ ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ముక్కలు కడగొద్దు, అతికించొద్దు. దున్నడం ఆపి తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలపండి.