ఇంట్లో చివావా: రెండున్నర కిలోల లెక్కలు

గత నెల క్యాంటీనులో టీ తాగుతుంటే అడ్వాన్సుల విభాగంలోని సహోద్యోగి ఒకరు నన్ను పక్కకు పిలిచారు. "సార్, మీ ఇంట్లో చివావా ఉందట కదా. పదో తరగతిలో మంచి మార్కులు తెస్తే కొనిస్తానని మా అమ్మాయికి మాటిచ్చాను. ఫ్లాటులో సరిపోతుందా? చిన్న కుక్కే కాబట్టి పెద్దగా పని ఉండదేమో?" అని అడిగారు. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని చెప్పాను. మిగతా సంగతులు సాయంత్రం లిఫ్టు దగ్గర నిలబడి చెప్పుకొచ్చాను. వాటినే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. నేను పశువైద్యుణ్ణి కాను. ఆరేళ్లుగా బఠాణి అనే ఆడ చివావాను పెంచుతూ, చేసిన పొరపాట్లకు డాక్టరు చేత చీవాట్లు తిన్నవాణ్ణి, అంతే.

కుక్క జాతులన్నింటిలోకీ చివావా చిన్నది. మెక్సికోలో అదే పేరున్న రాష్ట్రం వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. పూర్తిగా పెరిగాక కూడా బరువు సాధారణంగా మూడు కిలోలు దాటదు. ఆయుష్షు మాత్రం ఎక్కువ, 14 నుంచి 16 ఏళ్లు బతుకుతుంది. "టీకప్ చివావా" అని చెప్పి ఎక్కువ ధర అడిగేవాళ్లు తగులుతారు. కెన్నెల్ క్లబ్బులు గుర్తించిన రకం కాదది. మరీ బలహీనంగా పుట్టిన పిల్లకో, వయసు దాచి అమ్ముతున్న పిల్లకో పెట్టిన వ్యాపారపు పేరు. దానికి పడిపోవద్దు.

ఈ కుక్క విషయంలో నాకు తెలిసివచ్చింది ఒక్కటే. పెద్ద కుక్క తట్టుకునే పొరపాటును ఇది తట్టుకోలేదు. మన చేతిలో చిన్నదిగా కనిపించే ప్రతిదాన్నీ దాని బరువుతో భాగించి చూడాలి.

నేను నాగపూర్‌లో పనిచేస్తున్నప్పుడు బఠాణిని తెచ్చుకున్నాం. అప్పటికి 45 రోజుల పిల్ల, అరకిలో పైచిలుకు ఉంది. ఇంత చిన్న జాతి పిల్లను కనీసం 8 వారాలు, వీలైతే 10 వారాలు తల్లి దగ్గరే ఉంచాలని మాకు అప్పుడు తెలియదు. తెచ్చిన రెండో వారంలోనే అర్ధ సంవత్సర ముగింపు. సెప్టెంబరు 30న ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండున్నర అయింది. పిల్లకు అమ్మ పెట్టిందని మా ఆవిడ, మా ఆవిడ పెట్టిందని అమ్మ అనుకున్నారు. నాకైతే ఆ ఆలోచనే రాలేదు. తెల్లవారి ఆరింటికి లేచి చూస్తే పిల్ల తూలుతూ నడుస్తోంది. చూస్తుండగానే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లు చల్లబడింది, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "చివరిసారి ఎప్పుడు తిన్నది?" ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

చిగుళ్లకు తేనె రాయమన్నారు. నోట్లో పోయవద్దన్నారు, మింగలేని స్థితిలో ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందట. తువ్వాలులో చుట్టి వెచ్చగా ఉంచి వెంటనే తీసుకురమ్మన్నారు. ఆటోలో ఉండగానే తల ఎత్తింది. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించాక సాయంత్రానికి లేచి నిలబడింది. రక్తంలో చక్కెర పడిపోవడం ఈ జాతి పిల్లల్లో తరచుగా వచ్చే ప్రమాదం. అంత చిన్న ఒంట్లో నిల్వ ఉండే శక్తి కొన్ని గంటలకే సరిపోతుంది. అందుకే నాలుగు నెలలు నిండేదాకా రోజుకు నాలుగైదుసార్లు పెట్టాలి, పడుకోబోయే ముందు ఒకసారి తప్పకుండా. మరునాడే ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాం. ఎవరు పెడితే వాళ్లు టైము రాసి పొట్టి సంతకం చేయాలి. బ్యాంకులో వోచరుకు ఇద్దరి సంతకాలు అడిగే నేను ఇంట్లో ఒక ప్రాణాన్ని నోటిమాట మీద నడిపాను. ఆ కాగితం పద్ధతి ఇప్పటికీ ఉంది.

ఆకలి గండం గడిచాక రెండో గండం ఎక్కువ తిండితో వచ్చింది. రెండున్నర కిలోల బరువుండి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయి, ఇంటిపట్టునే ఉండే చివావాకు రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. మామూలు తీపి బిస్కెట్టు ఒకటి దాదాపు 25 కేలరీలు. అంటే దాని రోజువారీ తిండిలో ఎనిమిదో వంతు. మన లెక్కలో అది ఇంచుమించు నాలుగు ఇడ్లీలతో సమానం. మా అమ్మ ఉదయం టీతో రెండు, సాయంత్రం టీతో రెండు బిస్కెట్లు పెట్టేది. నేను వద్దంటే "ఒక్క బిస్కెట్టుకు ఏమవుతుందిరా" అనేది. ఆవిడ లెక్కలో ఎప్పుడూ ఒక్కటే. మూడో ఏడు వచ్చేసరికి బఠాణి 3.4 కిలోలకు చేరింది. ఒక రోజు నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఒకటి పైకెత్తి, మూడు కాళ్లతో రెండడుగులు గెంతి, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచింది. మాకు నవ్వొచ్చింది. డాక్టరుకు నవ్వు రాలేదు. మోకాటి చిప్ప పక్కకు జారుతోందన్నారు. చిన్న జాతుల్లో ఇది పుట్టుకతో వచ్చే లోపమే అయినా, బరువు పెరిగితే ముదురుతుంది. తీవ్రమైతే ఆపరేషన్ చేయాల్సి ఉంటుంది. మాది మొదటి దశలోనే బయటపడింది కాబట్టి బరువు తగ్గించమన్నారు. మామూలు బరువుకు రావడానికి ఐదు నెలలు పట్టింది. (పశువైద్యుడి బిల్లులు మన మెడికల్ స్కీములో రావు. బడ్జెట్టు వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.)

ఇప్పుడు వంటింట్లో గ్రాములు చూపే తూకం ఉంది. పొడి ఆహారమైతే ప్యాకెట్టు మీద 100 గ్రాములకు ఎన్ని కేలరీలో రాసి ఉంటుంది. చాలావాటిలో 350 నుంచి 400 దాకా ఉంటాయి కాబట్టి రోజు మొత్తానికి 50 గ్రాముల పైచిలుకు చాలు. ఆ గిన్నె చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. జాలిపడవద్దు, పక్కటెముకలు తడిమి చూడండి. వేళ్లకు సులభంగా తగలాలి, కంటికి పొడుచుకొచ్చినట్టు కనిపించకూడదు. అమ్మకు ఏదో ఒకటి పెట్టే అలవాటు పోదు కాబట్టి బిస్కెట్టు బదులు ఉడికించిన క్యారెట్టు ముక్కలు, కీరా ముక్కలు ఒక డబ్బాలో వేసి ఆవిడ పక్కన పెట్టాం. ఇద్దరికీ సంతోషమే.

ఇంటి భోజనమే పెట్టాలనుకునేవారికి ఒక మాట. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, అన్నం, గుమ్మడికాయ పెట్టవచ్చు. కానీ అవి మాత్రమే ఏళ్ల తరబడి పెడితే కాల్షియం వంటివి చాలవు. ఏమేం కలపాలో డాక్టరు చేత రాయించుకోవాలి. శాకాహారుల ఇళ్లలో ఒట్టి పెరుగన్నంతో పెంచడం చూశాను. కడుపు నిండుతుంది, మాంసకృత్తులు మాత్రం సరిపోవు.

మన వంటిల్లు కుక్క కోసం కట్టింది కాదు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఒక మోస్తరు ఉల్లిపాయ ఇంత చిన్న కుక్కకు విషమే. అందుకే సాంబారు అన్నం, పప్పన్నం పెట్టం. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను పాడుచేస్తాయి. పరమాన్నం, కేసరి చేసిన రోజున పిల్లలు కింద పడేసే ఎండుద్రాక్షల మీద ఒక కన్నుండాలి. ద్రాక్షలో ఈ గుణానికి టార్టారిక్ ఆమ్లం కారణం కావచ్చని పశువైద్యులు ఈమధ్య అనుమానిస్తున్నారు. చింతపండులో ఉండేదీ అదే కాబట్టి పులిహోర, రసం కూడా మేము మానేశాం. చాక్లెట్టు, కాఫీపొడి, షుగర్‌లెస్ చూయింగ్ గమ్ములో ఉండే జైలిటాల్, ఉడికిన కోడి ఎముకలు, ఇవేవీ దాని నోటికి అందకూడదు. అన్నింటికంటే ముఖ్యంగా మన మాత్రలు. జ్వరం వచ్చిందని 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ వేస్తే ఈ బరువుకు కిలోకు 200 మిల్లీగ్రాములవుతుంది. అది మందు కాదు, విషపు మోతాదు.

ఒంటి సంగతులు కొన్ని. చాలా చివావాలకు నడినెత్తిన మెత్తని చోటు ఉంటుంది, పసిపిల్లల మాడు లాగా. కొన్నింటికి అది జీవితాంతం పూడదు. అదొక్కటే జబ్బు కాదు, కానీ అక్కడ దెబ్బ తగలకూడదు. గొంతు గొట్టం సున్నితం కాబట్టి మెడకు పట్టీ కట్టి లాగకూడదు, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వాడాలి. బాతు అరిచినట్టు దగ్గు వస్తుంటే డాక్టరుకు చూపించాలి. తుమ్మును లోపలికి పీలుస్తున్నట్టు వింత శబ్దం చేయడం వేరు. అది చూసి మొదటిసారి మేమంతా హడలిపోయాం. సాధారణంగా నిమిషంలోపే తగ్గిపోతుంది. చిన్న దవడలో 42 పళ్లు ఇరుక్కుని ఉంటాయి. పాలపళ్లు ఊడకుండా మిగిలితే తీయించాలి. కుక్కల పేస్టుతోనే తోమాలి, మనది పనికిరాదు. మంచం మీద నుంచి దూకి ముందు కాలు విరగ్గొట్టుకున్న చిన్న కుక్కలు చాలా ఉంటాయని డాక్టరు చెబితే, మంచానికి ఒక మెట్టు చేయించాం.

"ఎప్పుడూ వణుకుతూ ఉంటుందేమిటి?" అని చాలామంది అడుగుతారు. చలి కావచ్చు. నాగపూర్‌లో డిసెంబరు రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి, స్వెట్టర్ వేయక తప్పదు. భయం కావచ్చు, ఉత్సాహం కావచ్చు. స్వెట్టర్ వేసినా, ఒళ్లో పెట్టుకున్నా వణుకు ఆగక, తిండి ముట్టకుండా ఉంటే మాత్రం నొప్పి గానీ చక్కెర తగ్గడం గానీ అనుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఎండాకాలం తెల్లవారుజామునే తిప్పండి. అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనవు.

ఇక ప్రవర్తన. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

బఠాణి మా ఆవిడ ఒళ్లో కూర్చుని, పక్కన ఎవరు కూర్చున్నా పళ్లు బయటపెట్టి గుర్రుమనేది. పిడికెడంత కుక్క పులిలా గర్జిస్తోందని అందరం నవ్వేవాళ్లం. వీడియో తీసి బ్రాంచి వాట్సాప్ గ్రూపులో పెట్టాను, నవ్వు బొమ్మలు చాలా వచ్చాయి. అదే పని అల్సేషన్ చేస్తే ఎవరమూ నవ్వం, కుర్చీ ఎక్కుతాం. ఏడాది పాటు అది "నాకు భయంగా ఉంది, దూరంగా ఉండు" అని చెబుతూ వచ్చింది, మేము నవ్వుతూ వచ్చాం. ఒక దీపావళికి మా బావమరిది కుటుంబం వచ్చింది. టపాకాయల మోతకు అది అప్పటికే బెదిరిపోయి ఉంది. ఏడేళ్ల మా మేనల్లుడు ముద్దొచ్చి పైనుంచి రెండు చేతులతో ఎత్తబోయాడు. వేలు కొరికింది. రక్తం వచ్చింది.

గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగాం. ఆ ఒక్కటీ సరిగ్గా చేశాం. బఠాణికి మూడో నెల నుంచి ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాం, కార్డు కూడా చూపించాం. అయినా పిల్లవాడి విషయంలో రిస్కు వద్దని డాక్టరు సూదులు మొదలుపెట్టారు. ఆ రోజు, 3, 7, 14, 28 రోజులకు, మొత్తం ఐదు. ఇంట్లో కుక్కే కదా, టీకా వేశాం కదా అని ఎవరూ సొంత నిర్ణయం తీసుకోకండి, డాక్టరుకే వదిలేయండి. మా బావమరిది ఒక్క మాట కూడా అనలేదు. కానీ దాదాపు ఏడాది పాటు వాళ్లు మా ఇంటికి రాలేదు. పండక్కి మేమే వెళ్లేవాళ్లం, కుక్కను ఇంట్లో వదిలి.

తరువాత నేర్చుకున్నవి ఇవి. గుర్రుమన్నందుకు కొట్టకూడదు, తిట్టకూడదు. కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కొరకడం నేర్చుకుంటుంది. ఒళ్లో ఉండి గుర్రుమంటే మాట్లాడకుండా కిందికి దించాలి. పక్కన మనిషి కూర్చున్నా శాంతంగా ఉంటే అప్పుడు క్యారెట్టు ముక్క. మా ఇంట్లో ఇది కుదుటపడడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంటికొచ్చినవాళ్లు దాన్ని పలకరించకూడదు, కళ్లలోకి చూడకూడదు, మీద చేయి వేయకూడదు. కింద కూర్చుంటే, ఇష్టమైతే అదే వస్తుంది. దానికంటూ ఒక మూల, ఒక పరుపు ఉండాలి. అక్కడ ఉన్నప్పుడు ఎవరూ కదిలించకూడదు. పిల్లలు నిలబడి ఎత్తుకోకూడదు, చేతిలోంచి జారితే కాలు విరుగుతుంది. కొరియర్ కుర్రాణ్ణి చూసి మొరగడం మాత్రం ఇంకా మానలేదు. అది మా పరాజయమే.

మరి మన ఉద్యోగులకు ఉండే అసలు ప్రశ్న బదిలీ. 15 ఏళ్లు బతికే ప్రాణి మూడేళ్లకో బదిలీ చొప్పున ఐదు ఊళ్లు తిరగాలి. రైల్లో మనతోపాటు కూపేలో తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో మొత్తం కూపే బుక్ చేసుకోవాలి, సెకండ్, థర్డ్ ఏసీల్లో కుదరదు. నాగపూర్ నుంచి విశాఖకు వచ్చేటప్పుడు మేము కారులో రెండు రోజుల ప్రయాణం పెట్టుకున్నాం. కొత్త ఊళ్లో ఇల్లు వెతికేటప్పుడు కుక్కను ఒప్పుకునే యజమాని దొరకాలి, మున్సిపాలిటీ లైసెన్సు తీసుకోవాలి, మంచి పశువైద్యుణ్ణి వెతుక్కోవాలి. నేను ఫీల్డులో ఉన్నా ఇంట్లో అమ్మ ఉంది కాబట్టి నడుస్తోంది. ఇద్దరూ ఉద్యోగస్తులై, పిల్లలు కాలేజీకి వెళ్లిపోతే, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా ఈ కుక్క ఒంటరిగా ఉండలేదు. ఆ సహోద్యోగిని లిఫ్టు దగ్గర నేను అడిగింది అదే. పగలు ఇంట్లో ఎవరుంటారు? ఆయన కాసేపు ఆలోచించి, పదో తరగతి ఫలితాలకు ఇంకా టైముంది కదా సార్ అన్నారు.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు. ఇప్పుడు పదేళ్లు వాడికి. రాగానే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పక్కన ఒక క్యారెట్టు ముక్క పెట్టి, "దాన్ని చూడకూడదు కదా మావయ్యా?" అని గోడవైపు తిరిగాడు. బఠాణి సోఫా కిందనుంచి రావడానికి ఇరవై నిమిషాలు తీసుకుంది. ముక్క తీసుకుని మళ్లీ వెళ్లిపోయింది. వాడు ఇంకో ముక్క పెట్టాడు.